నంబరుకు రాసిన ఉత్తరం

అమెరికాకు చదువుకోవడానికి వచ్చే మన పిల్లల్లో చాలామందికి పరిచయమైన ఉత్తరం ఒకటుంది. అది ఇంటర్నెట్ కంపెనీ నుంచో, యూనివర్సిటీ నెట్‌వర్క్ ఆఫీసు నుంచో మెయిల్లో వస్తుంది. ఫలానా రోజు, ఫలానా సమయానికి మీ కనెక్షన్ నుంచి ఫలానా సినిమాను ఇతరులకు పంచారని కాపీరైట్ హక్కుదారులు ఫిర్యాదు చేశారు, ఇకముందు ఇలా జరగకుండా చూసుకోండి అని అందులో ఉంటుంది. నేను ఖమ్మం నుంచి ఎం.ఎస్. కోసం మిడ్‌వెస్ట్‌లోని ఒక స్టేట్ యూనివర్సిటీకి వచ్చాను. ఖర్చులకు పనికొస్తుందని అక్కడి నెట్‌వర్క్ ఆఫీసులో గంటల లెక్కన పనికి కుదిరి, చదువయ్యాక అక్కడే ఉద్యోగంలో స్థిరపడ్డాను. ఈ ఉత్తరాలను విద్యార్థులకు చేరవేయడం ఏళ్ల తరబడి నా పని. అందుకే దీని చరిత్ర చెప్పాలనిపించింది. ఈ ఉత్తరం రాసేవాళ్లకు ఒక నంబరు తెలుసు, మనిషెవరో తెలియదు. పాతికేళ్లుగా చట్టాలు, కోర్టులు, కంపెనీలు పడుతున్న తగవంతా ఆ నంబరుకూ మనిషికీ మధ్య ఉన్న దూరం గురించే.

ముందు ఉత్తరం ఎలా ఉంటుందో చూద్దాం. ప్రతి నెట్‌వర్క్‌కూ ఫిర్యాదులు స్వీకరించే మెయిల్‌బాక్స్ ఒకటి ఉంటుంది. నోటీసు మొదట దానికి వస్తుంది. పైభాగంలో వకీలు భాషలో నాలుగు పేరాలు. కింద కంప్యూటర్లు చదువుకోవడానికి వీలుగా వరుసలు: కేసు నంబరు, సినిమా పేరు, ఫైలు పేరు, ఫైలు సైజు, ఐపీ అడ్రస్ అనే ఆ నంబరు, పోర్టు నంబరు, బిట్‌టోరెంట్ అన్న మాట, గ్రీన్‌విచ్ కాలమానంలో తేదీ, సమయం. ఎవరి పేరూ ఉండదు, ఇంటి చిరునామా ఉండదు. ఒక వాక్యం మాత్రం నేను చేరవేసిన ప్రతి నోటీసులోనూ కనిపించేది. అబద్ధమైతే శిక్షకు సిద్ధమేనని ప్రమాణం చేసే వాక్యం అది. జాగ్రత్తగా చదివితే ఆ ప్రమాణం ఒక్క విషయానికే వర్తిస్తుంది: తాను హక్కుదారు తరఫున మాట్లాడటానికి అధికారం ఉన్నవాడినని. తప్పు జరిగిందన్న మాటకు మాత్రం సదుద్దేశంతో కూడిన నమ్మకమే ఆధారం.

ఆ వాక్యం 1998 నాటి చట్టంలోది. దానికి మూడేళ్ల ముందు, 1995లో, కాలిఫోర్నియాలో నెట్‌కామ్ అనే ఇంటర్నెట్ కంపెనీ మీద ఒక మత సంస్థ కేసు వేసింది. తమ గ్రంథాలను ఎవరో చర్చావేదికలో పెట్టారని, దానికి నెట్‌కామ్ బాధ్యత వహించాలని ఆ సంస్థ వాదన. కస్టమర్ పెట్టింది తనంతట తాను కదిలిపోయే యంత్రాల గుండా వెళితే కంపెనీ స్వయంగా తప్పు చేసినట్టు కాదని, అయితే ఫిర్యాదు అందాక కూడా చూస్తూ ఊరుకుంటే బాధ్యత ఉండవచ్చని న్యాయమూర్తి తేల్చారు. తర్వాత వచ్చిన చట్టానికి ఈ రెండు మాటలే పునాది. 1998 అక్టోబర్ 28న అధ్యక్షుడు క్లింటన్ సంతకం చేసిన డిజిటల్ మిలీనియం కాపీరైట్ చట్టం ఇంటర్నెట్ కంపెనీలను రకాలుగా విడగొట్టింది. ఇతరుల ఫైళ్లను తమ సర్వర్లలో దాచిపెట్టే కంపెనీ, ఫిర్యాదు అందగానే ఆ ఫైలును తీసేయాలి. తీగ మాత్రమే అందించే కంపెనీ స్థానం పోస్ట్‌మన్ స్థానం లాంటిది. కవరు మోస్తుంది, లోపలేముందో దానికి పట్టదు. తీసేయడానికి దాని దగ్గర ఫైలే లేదు. ఇలాంటి కంపెనీకి చట్టం పెట్టిన ముఖ్యమైన షరతు, పదేపదే తప్పు చేసే కస్టమర్ల కనెక్షన్‌ను తగిన పరిస్థితుల్లో రద్దు చేసే విధానం పెట్టుకుని అమలు చేయాలన్నది. ఎన్నిసార్లు చేస్తే పదేపదే అవుతుందో చట్టం చెప్పలేదు. తప్పు చేశాడని ఎవరు తేల్చాలో చెప్పలేదు. తీగ కంపెనీ కస్టమర్‌కు ఉత్తరం పంపాలని కూడా అందులో ఎక్కడా రాయలేదు. ఈ రోజు లక్షల ఇళ్లకు చేరే ఉత్తరం, చట్టంలో రాయకుండా వదిలిన ఈ జాగాలోంచి పుట్టింది.

చట్టం వచ్చిన మరుసటి ఏడాదే, 1999 జూన్‌లో, బోస్టన్‌లో కాలేజీ వదిలేసిన షాన్ ఫానింగ్ అనే కుర్రాడు నాప్‌స్టర్ అనే పాటలు పంచుకునే ప్రోగ్రాం తెచ్చాడు. పాట సర్వర్ మీద ఉండదు, ఎవరి కంప్యూటర్లో వాళ్ల దగ్గరే ఉంటుంది. నాప్‌స్టర్ దగ్గర ఉండేది ఎవరి దగ్గర ఏముందో చెప్పే జాబితా ఒక్కటే. ఫైలు ఒకచోట ఉంటుందని ఊహించి రాసిన చట్టం ఏడాది తిరక్కుండానే కొత్త పరిస్థితిలో పడింది. 2000 మే నెలలో మెటాలికా బ్యాండ్ తమ పాటలు పంచుతున్న 3,35,435 మంది యూజర్ల పేర్లను కాగితాల మీద అచ్చువేయించి, పెట్టెల్లో నాప్‌స్టర్ ఆఫీసుకు మోయించింది. ఈ నోటీసుల పరంపరకు మొదటి పెద్ద మూట అదేనంటాను. అందులో ఉన్నవన్నీ తెరమీది పేర్లు. ఆ పేర్ల వెనకున్న మనుషులెవరో మెటాలికాకూ తెలియదు, నాప్‌స్టర్‌కూ తెలియదు. అయినా నాప్‌స్టర్ ఆ ఖాతాలను మూసేసింది. 2001 జులైలో కోర్టు ఆదేశాలతో నాప్‌స్టరే మూతపడింది.

అదే 2001లో బ్రామ్ కోహెన్ బిట్‌టోరెంట్ అనే ఫైళ్లు పంచుకునే పద్ధతి తెచ్చాడు. మా బల్ల దగ్గరికి వచ్చే నోటీసుల్లో ఎక్కువ భాగం దాని తాలూకువే. ఇందులో సినిమా వందల, వేల ముక్కలవుతుంది. మనం ఒక ముక్క దించుకుంటూనే, అప్పటికే అందిన ముక్కలను పక్కవాళ్లకు పంపుతూ ఉంటాం. ఎవరు పంచుతున్నారో తెలియకపోతే ముక్కలు తెచ్చుకోలేం కాబట్టి, గుంపులో చేరిన ప్రతివాడికీ మిగతావాళ్ల ఐపీ అడ్రసులు కనిపిస్తాయి. హక్కుదారుల తరఫున పనిచేసే నిఘా కంపెనీ చేసేది కూడా ఇంతే. గుంపులో చేరుతుంది, కనిపించిన నంబర్లు రాసుకుంటుంది. "అక్కా, నేను చూశానంతే, ఎవరికీ పంపలేదు" అని చాలామంది పిల్లలు నాతో అన్నారు. వాళ్లు అబద్ధమాడలేదు. ఆ సాఫ్ట్‌వేర్ తెరిచి ఉంచినంతసేపూ పంపుతూనే ఉంటుందని వాళ్లకు తెలియదు. నోటీసులో ఉన్న ఆరోపణ పంచారన్నదే.

2003లో రికార్డింగ్ కంపెనీల సంఘం మనుషుల మీదికే వెళ్లింది. సెప్టెంబర్ 8న ఒక్కరోజే 261 మంది మీద కేసులు వేసింది. న్యూయార్క్‌లో ప్రభుత్వ గృహ సముదాయంలో ఉండే పన్నెండేళ్ల పాప ఆ జాబితాలో ఉంది. వాళ్లమ్మ 2,000 డాలర్లు కట్టి రాజీపడింది. మసాచుసెట్స్‌లో అరవై ఆరేళ్ల శిల్పి మీద వేసిన కేసును వెనక్కి తీసుకోవలసి వచ్చింది. ఆమె వాడిందని ఆరోపించిన, ఫైళ్లు పంచుకునే కజా ప్రోగ్రాం ఆమె మాకింటాష్ కంప్యూటర్లో నడవనే నడవదు. 2005లో వెస్ట్ వర్జీనియాలో కేసు పడిన ఎనభై మూడేళ్ల ముసలామె అంతకు ముందే చనిపోయి ఉంది. వీటిని పొరపాట్ల చిట్టాగా చదివితే అసలు సంగతి అందదు. నంబరు నుంచి ఇంటి కనెక్షన్‌కూ, అక్కడి నుంచి బిల్లు మీద ఉన్న పేరుకూ వెళ్లే దారిలో చివరి మెట్టు ఎప్పుడూ ఊహే.

ఆ పేర్లు మొదట్లో చాలా సులువుగా దొరికేవి. 1998 చట్టంలోని ఒక సెక్షన్ ప్రకారం, కేసు వేయకుండానే కోర్టు గుమస్తా ముద్రతో ఇంటర్నెట్ కంపెనీ నుంచి కస్టమర్ పేరు రాబట్టవచ్చని సంఘం వాదించింది. వెరైజన్ కంపెనీ ఒప్పుకోలేదు, తగవు కోర్టుకెక్కింది. 2003 డిసెంబర్ 19న వాషింగ్టన్ అప్పీల్ కోర్టు వెరైజన్ పక్షాన నిలిచింది. తీగ కంపెనీ దగ్గర ఫైలు ఉండదు కనుక ఆ సెక్షన్ దానికి వర్తించదని చెప్పింది. అప్పటి నుంచి పేరు కావాలంటే ముందు అనామకుడి మీద, జాన్ డో మీద, కేసు వేసి జడ్జి అనుమతి తీసుకోవాల్సిందే. ఈ రోజు విద్యార్థికి వచ్చే నోటీసు నోటీసుగానే ఆగుతున్నదంటే ఆ తీర్పు చలవే. నోటీసు పంపిన హక్కుదారుకు ఆ విద్యార్థి పేరు తెలియదు. పేరు తెలిసింది ఇంటర్నెట్ కంపెనీకి, లేదా మా ఆఫీసుకు. వీసా పోతుందేమోనని వణుకుతూ వచ్చిన పిల్లలకు నేను మొట్టమొదట చెప్పేది ఇదే: ఇది కోర్టు సమన్లు కాదు, నీ పేరు ఇంకా ఎవరి చేతికీ వెళ్లలేదు.

కోర్టుదాకా పోయినవాళ్లకు ఏమైందో కూడా చెప్పాలి. మిన్నెసోటాలో ఒక తల్లి 24 పాటలు పంచిందని 2007 అక్టోబర్‌లో జ్యూరీ ఆమెకు 2,22,000 డాలర్లు వేసింది. విచారణ మళ్లీ జరిగితే 2009లో అది 19 లక్షల 20 వేల డాలర్లయింది. మూడోసారి 15 లక్షలు. చివరికి 2012లో అప్పీల్ కోర్టు మొదటి మొత్తాన్నే ఖాయం చేసింది. బోస్టన్‌లో ఒక విద్యార్థికి 30 పాటలకు 6,75,000 డాలర్లు పడ్డాయి. ఎంత నష్టమైందో నిరూపించకుండానే ఒక్కో కృతికి 750 డాలర్ల నుంచి 30,000 దాకా, తెలిసి చేస్తే 1,50,000 దాకా చట్టం అనుమతిస్తుంది. వ్యాపారం కోసం దొంగ కాపీలు అచ్చువేసే వాళ్లకు సరిపోయే కొలత అది. హాస్టల్ గదిలోని కుర్రాడికి కూడా అదే కొలత.

2007 ఫిబ్రవరిలో పద్ధతి మారి మా ఆఫీసుల్లాంటి వాటి మీదికి వచ్చింది. రికార్డింగ్ సంఘం 13 యూనివర్సిటీలకు 400 ఉత్తరాలు పంపింది. కేసు వేయకముందే, తగ్గించిన మొత్తానికి రాజీపడమని విద్యార్థులకు చెప్పే ఉత్తరాలవి. డబ్బు కట్టడానికి ఒక వెబ్‌సైట్ కూడా పెట్టారు. ఆ ఉత్తరాలు ఎవరివో యూనివర్సిటీ వెతికి చేరవేయాలి. 2008 ఆగస్టులో వచ్చిన ఉన్నత విద్య చట్టంతో ఇది మరో మెట్టెక్కింది. కేంద్ర ప్రభుత్వ ఆర్థిక సాయం అందుకునే ప్రతి యూనివర్సిటీ, ఫైల్ షేరింగ్‌ను అరికట్టే ప్రణాళిక రాసిపెట్టుకోవాలి, విద్యార్థులకు ఏటా హెచ్చరిక పంపాలి. క్యాంపస్‌లో ప్రతి ఆగస్టులోనూ వచ్చే ఆ పొడవాటి మెయిల్ మూలం అదే.

వెతకడమంటే ఏమిటో చెబుతాను. నోటీసులో సమయం గ్రీన్‌విచ్‌ది. మాది సెంట్రల్ టైము. చలికాలంలో ఆరు గంటలు తగ్గించాలి, వేసవిలో ఐదు. ఆ సమయానికి ఆ ఐపీ అడ్రసును మా సర్వర్ ఏ మెషీన్‌కు ఇచ్చిందో లాగ్‌లో చూడాలి. ఒకే అడ్రసు పొద్దున ఒకరి ల్యాప్‌టాప్‌కు, మధ్యాహ్నం మరొకరి ఫోన్‌కు వెళుతుంది. దొరికిన మెషీన్ ఏ విద్యార్థి పేరున రిజిస్టరైందో ఇంకో జాబితాలో చూడాలి. నవంబర్ మొదటి ఆదివారం తెల్లవారుజామున గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. ఆ రోజు ఒంటిగంటకూ రెండింటికీ మధ్య గంట రెండుసార్లు వస్తుంది. లాగ్ స్థానిక సమయంలో రాసి ఉంటే, ఒంటిగంట నలభైకి ఆ అడ్రసు ఎవరిదంటే ఇద్దరు దొరుకుతారు. అలాంటి రోజున మా ఆఫీసులో నోటీసు ఎవరికీ పంపేవాళ్లం కాదు. గంట తేడాకు ఒక అమాయకుడి పేరు రాయడం కంటే ఊరుకోవడమే న్యాయం.

ఈ పనిలో ఉన్నవాళ్లెవరూ మరిచిపోలేని పరిశోధన ఒకటి 2008లో యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ నుంచి వచ్చింది. అక్కడి కంప్యూటర్ శాస్త్రవేత్తలు, సినిమా ఒక్క ముక్క కూడా దించుకోకుండా, గుంపులో తమ అడ్రసు నమోదయ్యేలా మాత్రం చేసి చూశారు. నోటీసులు వచ్చాయి. తర్వాత తమ అడ్రసుకు బదులు ప్రింటర్ల అడ్రసులు నమోదు చేశారు. లేజర్ ప్రింటర్ సినిమా డౌన్‌లోడ్ చేసిందని నోటీసు వచ్చింది. నిఘా కంపెనీల్లో కొన్ని నంబరు జాబితాలో కనిపిస్తే చాలునని, అవతల నిజంగా ఫైలు ఉందో లేదో చూడటం లేదని తేలిపోయింది. నేను ఆ పత్రాన్ని అచ్చు తీసి మా బల్ల పక్కన గోడకు అంటించాను.

హాస్టల్ గదిలో కనీసం ఒక్కో మెషీన్‌కు ఒక్కో పేరుంటుంది. బయట అపార్ట్‌మెంట్లో ఉండే మన పిల్లల పరిస్థితి వేరు. నలుగురైదుగురు కలిసి రెండు బెడ్‌రూముల ఫ్లాటు తీసుకుంటారు. ముందుగా దిగినవాడి పేరున ఇంటర్నెట్ కనెక్షన్, మిగతావాళ్లు నెలనెలా వాటా ఇస్తారు. వారాంతానికి వచ్చిన స్నేహితులకు, కొత్తగా దిగి సోఫా మీద పడుకునే జూనియర్లకు అదే పాస్‌వర్డు. ఆ రౌటర్ వెనక ఎంతమంది ఉన్నా బయటికి కనిపించేది ఒకే నంబరు. "అక్కా, కనెక్షన్ నా పేరు మీదుంది గానీ ఆ సీరియల్ నేను చూడనే లేదు. అడిగితే ఎవరూ చెప్పట్లేదు" అని ఒక అబ్బాయి మెయిల్ పట్టుకుని వచ్చాడు. అది మా నెట్‌వర్క్ కాదు, నేను చేయగలిగింది ఉత్తరం చదివి అర్థం చెప్పడమే. మన ఇళ్లలో పెద్దరికం మీద వేసుకునే బాధ్యత, ఇక్కడ కంపెనీ కాగితంలో అతనొక్కడి మీద పడింది. నేను చూసిన నోటీసుల్లో తెలుగు సినిమా పేరు ఉన్నట్టు గుర్తులేదు. అన్నీ హాలీవుడ్ సినిమాలు, కేబుల్ సీరియళ్లు, పాటలు.

మన దేశంలో ఇదే తగవు వేరే దారి పట్టింది. అక్కడ నిర్మాతలు కోర్టుకెళ్లి అనామకుల మీద, అశోక్ కుమార్ అనే ఊహా ప్రతివాది మీద, ఆదేశాలు తెచ్చుకుంటారు. ఇంటర్నెట్ కంపెనీలు సైట్లను ఆపేస్తాయి. 2012లో ‘3’ అనే తమిళ సినిమాతో పాటు మన ‘దమ్ము’ కోసం మద్రాస్ హైకోర్టు ఇచ్చిన ఆదేశాలతో, ఏ తప్పూ చేయని విమియో లాంటి సైట్లు కూడా దేశంలో ఆగిపోయాయి. సైట్లన్నిటినీ కాదు, ఫిర్యాదులో చూపించిన పేజీలనే ఆపాలని జూన్‌లో కోర్టు వివరణ ఇచ్చింది. ఇంటికి ఉత్తరం రావడమన్నది అక్కడ పెరిగిన పిల్లలకు తెలియదు. అందుకే ఇక్కడ మొదటి ఉత్తరం చూడగానే అంత భయం. జర్మనీ వెళ్లిన పిల్లల పరిస్థితి మరీ కష్టం. అక్కడ వచ్చేది వకీలు ఉత్తరం, జర్మన్ భాషలో, వందల యూరోల డిమాండుతో, గడువు తేదీతో. కెనడా 2015 జనవరి నుంచి నోటీసు చేరవేయడాన్ని చట్టంలోనే రాసుకుంది. 2018 చివర్లో ఆ నోటీసుల్లో డబ్బు అడగడాన్ని నిషేధించింది. ఈ దేశాలన్నిటిలో నాకు నచ్చిన సవరణ అదే.

అమెరికాలో 2013 ఫిబ్రవరిలో పెద్ద ఇంటర్నెట్ కంపెనీలు ఐదు, సినిమా, సంగీత సంస్థలతో కలిసి ఆరు హెచ్చరికల పద్ధతి పెట్టాయి. మొదట సమాచారం, తర్వాత చదివినట్టు ఒప్పుకోలు, చివర్లో వేగం తగ్గించడం. నేను కాదని చెప్పుకోవాలంటే 35 డాలర్లు కట్టి సమీక్ష అడగాలి. నా వైఫైకి తాళం లేదు, ఎవరో వాడుకున్నారన్న జవాబు ఒక్కసారే చెల్లుతుంది. నిర్దోషి డబ్బు కట్టి నిరూపించుకోవాలన్న ఆ ఏర్పాటు 2017 జనవరిలో ముగిసింది.

ఈలోగా బరువంతా కంపెనీల మీద పడింది. కాక్స్ అనే కంపెనీ నోటీసులను తగినంతగా పట్టించుకోలేదని, పదేపదే తప్పు చేసినవాళ్లను తొలగించలేదని 2015లో జ్యూరీ రెండున్నర కోట్ల డాలర్లు వేసింది. అదే కంపెనీకి మరో కేసులో 2019 డిసెంబర్‌లో 10,017 కృతులకు వంద కోట్ల డాలర్లు. 2024లో అప్పీల్ కోర్టు ఆ మొత్తాన్ని కొట్టేసినా, బాధ్యతలో కొంత భాగాన్ని నిలిపింది. తగవు సుప్రీంకోర్టుకు చేరి 2025 డిసెంబర్‌లో వాదనలు జరిగాయి. ఒకే కనెక్షన్ మీద వేలమంది ఉండే యూనివర్సిటీ సంగతేమిటన్న ప్రశ్న అక్కడ కూడా వచ్చింది.

ఈ ప్రశ్నకు చాలావరకు సరిపోయే మాట నా దృష్టిలో 2018 ఆగస్టులోనే ఒక కోర్టు చెప్పింది. ఓరెగాన్‌లో వృద్ధులను, వికలాంగులను చూసుకునే ఇల్లు నడిపే ఆయన పేరున ఇంటర్నెట్ ఉంది. అక్కడుండేవాళ్లూ వచ్చేపోయేవాళ్లూ అదే వాడతారు. ‘ద కాబ్లర్’ సినిమా ఆ కనెక్షన్ నుంచి దించుకున్నారని ఆయన మీద కేసు. కనెక్షన్ ఒకరి పేరున ఉండటం ఒక్కటే తప్పు చేసినట్టు ఆరోపించడానికి చాలదని తొమ్మిదో సర్క్యూట్ అప్పీల్ కోర్టు తేల్చింది.

సినిమా తీసేవాళ్ల కష్టం నాకు తక్కువ కాదు. ఇరవై నాలుగు శాఖల మనుషుల కూలి ఆ ఫైల్లో ఉంది. టోరెంట్ తెరిచేవాడు దాన్ని పంచిపెడుతున్నాడు, ఇది నేను ప్రతి ఆగస్టులో కొత్త పిల్లలకు చెబుతాను. అదే సమయంలో నోటీసు తనకు తెలిసినంత మేరకే మాట్లాడాలి. దానికి తెలిసింది ఒక నంబరు, ఒక సమయం. అందుకే మా ఆఫీసులో నేను పట్టుబట్టి నిలబెట్టిన పద్ధతి ఒకటుంది: నోటీసు వచ్చిందని ఎవరి కనెక్షన్ కూడా వెంటనే కోయం. విద్యార్థిని పిలిచి, లాగ్‌లోని వరుస చూపించి, అతని మాట విని, రెండూ కలిపి రాసిపెట్టాకే ఏ నిర్ణయమైనా. ఇంటర్నెట్ లేకపోతే క్లాసు లేదు, అసైన్‌మెంట్ లేదు, ఇంటికి వీడియో కాల్ లేదు. అంత పెద్ద కోత కోయడానికి ముందు ఎవరిని కోస్తున్నామో తెలిసి ఉండాలి. ఇది యూనివర్సిటీలు తమంతట తాము పాటించే మర్యాదగా మిగలకూడదు. ఎన్నిసార్లు, ఎవరు తేల్చాలి అని 1998లో రాయకుండా వదిలేసిన ఆ రెండు మాటలూ, వినే అవకాశంతో సహా, చట్టంలోనే రాయాలి.